ఎడమ చంక

వానలు వెనకబట్టి నాలుగు రోజులు గట్టిగా ఎండ కాస్తే చాలు, బీరువాలో చీరలన్నీ తీసి డాబా మీద ఆరేయడం మా అమ్మ నుంచి నాకొచ్చిన అలవాటు. పట్టుచీరలు నీడపట్టున, నేత చీరలు ఎండలో. ఈసారి దీపావళి వెళ్ళిన ఆదివారం ఆ పని పెట్టుకున్నాను. బీరువా తలుపు తీయగానే కలరా ఉండల ఘాటు గుప్పుమంది. మా అమ్మాయి సాయానికొచ్చింది. ఏడో తరగతి. ఎత్తులో నా చెవి దాకా వచ్చేసింది. నేను అందిస్తుంటే ఒక్కొక్కటీ తాడు మీద వేస్తూ వేస్తూ ఒక చీర దగ్గర ఆగిపోయింది.

"అమ్మా, దీన్ని ఎలక కొరికేసింది."

చూశాను. బండారులంక నేత చీర. గంధం రంగు మీద కాఫీపొడి రంగు అంచు. ఎడమ భుజం మీద పడే చోట పైట జానెడు మేర నలిగిపోయి ఉంది. దారాలు లేచిపోయి, అక్కడక్కడా ముడులు పడి, మధ్యలో బఠాణీ గింజంత చిల్లు. ఉతికి ఉతికి చీరంతా మెత్తబడింది గానీ ఆ జానెడు మాత్రం ఇంకా కాస్త బిరుసుగానే ఉంది.

"ఎలక కాదే, నువ్వే" అన్నాను.

నమ్మలేదు. నేను నవ్వులాటకి అంటున్నాననుకుని తర్వాతి చీర కోసం చెయ్యి చాపింది. నేను ఆ చెంగు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కలరా ఉండల వాసన వెనక ఎక్కడో సాంబ్రాణి, పాలు కారిన మెడ, వస కొమ్ము. నిజంగా ఉందో, ఉండాలని నాకనిపించిందో చెప్పలేను. ఎడమ నడుం మాత్రం దానంతటదే పక్కకి ఒరిగింది. పిల్లని ఎక్కించుకోవడానికి ఒరిగినట్టు.

* * *

అప్పట్లో నేను కోరుకొండ అవతల ఒక పల్లెటూరి హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. లాంగ్ బెల్ కొట్టాక బస్సు పట్టుకుని రాజమండ్రి గోకవరం బస్టాండులో దిగేసరికి ఆరు దాటేది. అక్కణ్ణించి ఆర్యాపురంలో మా అద్దింటికి నడక. సందు మొదట్లో నా చెప్పుల చప్పుడు వినపడగానే పిల్ల గ్రిల్లు పట్టుకుని నిలబడిపోయేదని మా అత్తయ్య చెప్పేది. నేను గేటు తీసేసరికి రెండు చేతులూ పైకెత్తి ఉండేది. కాళ్ళు కడుక్కోనిచ్చేది కాదు, చీర మార్చుకోనిచ్చేది కాదు. భుజాన బ్యాగు కుడివైపుకి మారేది, పిల్ల ఎడమ చంకలోకి ఎక్కేది.

ఎక్కిందంటే రాత్రి అన్నాల దాకా దిగదు. కుడిచేత్తోనే కూర తిరగమోత పెట్టేదాన్ని. ఆవాలు చిటపటమనగానే ముఖం తీసుకెళ్ళి నా మెడలో దాచుకునేది. కుక్కరు మూత ఒంటిచేత్తో బిగించడం, మోచేత్తో ఫ్రిజ్ తలుపు మూయడం, కాలి వేళ్ళతో కింద పడ్డ గుడ్డ అందుకోవడం అన్నీ వచ్చేశాయి. యూనిట్ టెస్టు పేపర్లు గూట్లో పెట్టుకుని నిలబడే దిద్దేదాన్ని. నేను ఎర్రపెన్నుతో టిక్కు పెడితే తను కూడా గాల్లో వేలితో ఒక టిక్కు పెట్టేది. ఒక చేతి గుప్పిట్లో నా నల్లపూసలు, నోట్లో నా పైట. పళ్ళు వచ్చే రోజుల్లో ఆ పైటని ఎంత నమిలిందో! రెండుసార్లు నల్లపూసలు తెగి వంటింటి గచ్చు మీద చెల్లాచెదరైతే మోకాళ్ళ మీద పాక్కుంటూ ఏరుకున్నాం. అప్పుడూ దిగలేదు, ఉప్పుమూటలా వీపు మీదికి మారింది అంతే.

"చంక మరిగించావమ్మాయ్. ఇహ దించడం నీ తరం కాదు" అనేది అత్తయ్య. అంటూనే పగలంతా తనూ దించకుండా మోసేది. నడుం మీద ఆవిడ ముతక చీర కట్టు అరిగి తెల్లగా కనపడేది.

నేను బస్సులో నిలబడి వచ్చిన రోజుల్లో విసుగు రాలేదని చెప్పను. చాలాసార్లు "ఒక్క నిమిషం దిగు తల్లీ" అని బతిమాలాను. కానీ ఆ బరువు ఒంటికి ఆనగానే బడి, బస్సు, డీఈవో ఆఫీసుకి పంపాల్సిన లెక్కలు అన్నీ వెనక్కి పోయేవి. మధ్యాహ్నం నుంచీ ఏదో మర్చిపోయి తిరుగుతున్నట్టుండే మనిషిని, సాయంత్రం ఆ పది కిలోలు ఎత్తుకున్నాక నిండుగా ఉన్నట్టుండేది.

అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది చెవి. చంకలో ఉన్న పిల్ల నోరు సరిగ్గా తల్లి చెవి దగ్గర ఉంటుంది. మాటలొచ్చాక మా ఇద్దరి సంసారమంతా ఆ చెవి దగ్గరే నడిచింది. పగలు జరిగినవన్నీ అక్కడ పోసేది. ఎదురింటి పిల్లి కూనలు పెట్టడం, పాలబ్బాయి సైకిలు పడిపోవడం, నానమ్మ డబ్బాలోంచి బెల్లం ముక్క నోట్లో వేసుకుని ఎవరికీ చెప్పొద్దనడం. (అత్తయ్యకి షుగరు. నేను ఆవిణ్ణి ఎప్పుడూ అడగలేదు, డబ్బా మాత్రం పై అరలోకి మార్చాను.) గట్టిగా చెప్పాల్సిన పనే లేదు. ఊపిరితోనే చెప్పేది. మాట కంటే ముందు వెచ్చటి గాలి తగిలేది.

నిద్రపుచ్చడమూ చంకలోనే, తర్వాత భుజం మీద. అత్తయ్య ఒకటే చెప్పేది: "కళ్ళు మూసింది కదాని దించకు. తల బరువెక్కనీ." హాల్లోంచి వసారాలోకి, వసారాలోంచి హాల్లోకి నడిచి నడిచి, తర్వాత కాసేపు కుర్చీలో అలాగే కూర్చుని, పిల్ల తల భుజం మీద ఇసక సంచీలా పడ్డాక అప్పుడు మంచం మీద వేసేదాన్ని. చాలా ఏళ్ళకి పేపర్లో చదివాను. 2022లో జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు ఇదే విషయం కొలిచి చెప్పారట. ఏడుస్తున్న పసిబిడ్డని ఎత్తుకుని 5 నిమిషాలు ఆగకుండా నడిచి, నిద్రపోయాక మరో 5 నుంచి 8 నిమిషాలు ఎత్తుకునే కూర్చుని అప్పుడు పడుకోబెడితే లేవకుండా నిద్రపోయే అవకాశం ఎక్కువట. పేపరు పట్టుకెళ్ళి అత్తయ్యకి చదివి వినిపించాను. "నిమిషాలు ఎవరు చూశారే, తల చెబుతుంది" అంది.

* * *

నన్ను ఎత్తుకున్నది ఎక్కువగా మా నాన్న.

నాన్న పేపరు మిల్లులో షిఫ్టు పని చేసేవారు. ఇంటికొచ్చినప్పుడు చొక్కాకి గుజ్జు వాసన, జుట్టుకి కొబ్బరినూనె వాసన. ఏ షిఫ్టు నుంచి వచ్చినా సైకిలు స్టాండు వేసిన చప్పుడుకి నేను లేచి కూర్చునేదాన్నట. సాయంత్రాలు ఉప్పుమూట ఆట. నన్ను వీపున వేసుకుని, నడుం వంచి ఇల్లంతా తిరుగుతూ "ఉప్పమ్మా ఉప్పు!" అని అరిచేవారు. అమ్మ వంటింటి గుమ్మంలోంచి "ఎంతకిస్తావయ్యా?" అనేది. "మానెడు బియ్యం" అనేవారు నాన్న. అమ్మ వచ్చి నా అరికాలు గిల్లి నాలిక మీద వేలు పెట్టుకుని, "ఈ ఉప్పు చేదుగా ఉంది, మాకొద్దు" అనేది. నాకు గొప్ప అవమానంగా ఉండేది. "తియ్యగా ఉన్నా, తియ్యగా ఉన్నా" అని నాన్న వీపు మీద గంతులేసేదాన్ని. తలమీద గంపతో, కావిళ్ళతో వీధిలో ఉప్పు అమ్మేవాళ్ళని మా వీధిలో నేనూ కొన్నాళ్ళు చూశాను. మా అమ్మాయికి ఆ ఆట నేర్పినప్పుడు, ఉప్పు ప్యాకెట్లో కదా వస్తుంది, వీపు మీద ఎందుకు మోస్తారని అడిగింది.

1991 గోదావరి పుష్కరాలకి నాకు నాలుగేళ్ళు. నాకు గుర్తున్నదంతా పైనించి చూసినదే. నాన్న మెడ మీద కూర్చున్నాను. కింద తలకాయలు, గొడుగులు, తడిసిన చీరలు, వాటన్నిటికీ అవతల గోధుమరంగు నీళ్ళు. నాన్న జుట్టు రెండు గుప్పిళ్ళతో పట్టుకున్నాను. నూనెకి వేళ్ళు జారిపోతున్నాయి. నా చీలమండలు రెండూ నాన్న చేతుల్లో ఉన్నాయి, ఎంత గట్టిగా పట్టుకున్నారో ఆ పట్టు ఇప్పటికీ గుర్తు. మైకులో ఆగకుండా తప్పిపోయిన పిల్లల గురించి చెబుతున్నారు. ఎర్రగౌను, తెల్లచొక్కా, ఏడుస్తోంది, పేరు చెప్పలేకపోతోంది... పాత హేవ్‌లాక్ బ్రిడ్జి మీద అప్పటికింకా రైళ్ళు తిరుగుతున్నాయి (1997లో ఆపేశారు). రైలు బ్రిడ్జి ఎక్కగానే ఆ ధడధడకి తగ్గట్టు నాన్న భుజాలు ఎగరేశారు. జనంలో, ఆ తొక్కిడిలో, నేను నవ్వుతున్నాను.

పన్నెండేళ్ళకి మళ్ళీ పుష్కరాలు. 2003లో నేను ఇంటర్. రేవు దగ్గర జనం ఎక్కువయ్యేసరికి నాన్న వెనక్కి తిరిగి నా మణికట్టు పట్టుకున్నారు. పక్కన నా స్నేహితురాళ్ళున్నారు. "నేనేమన్నా చిన్నపిల్లనా నాన్నా" అని చెయ్యి లాక్కున్నాను. ఆయన ఏమీ అనలేదు. రేవులో దిగేదాకా మూడడుగులకోసారి వెనక్కి చూస్తూ నడిచారు.

* * *

మా అమ్మాయికి రెండున్నరేళ్ళప్పుడు 2015 పుష్కరాలొచ్చాయి. జులై 14న మొదటిరోజే తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. ఊళ్ళో ఉన్నవాళ్ళం, ఆ రోజు మా వీధిలో ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు. పిల్లని తీసుకెళ్ళొద్దని మా ఆయన, తీసుకెళ్ళకపోతే మళ్ళీ పన్నెండేళ్ళని నాన్న. చివరికి జనం కొంచెం పలచబడ్డారన్న రోజు తెల్లవారుజామున కోటిలింగాల రేవుకి బయల్దేరాం. పిల్ల ముంజేతి మీద బాల్‌పెన్నుతో నా ఫోన్ నంబరు రాశాను. అప్పటికి పన్నెండు కిలోలుంటుందేమో. బండ్లు దూరంగానే ఆపేశారు. అక్కణ్ణించి రేవు దాకా చంకలోనే. చెయ్యి పడిపోతుంటే కుడివైపుకి మార్చబోయాను. ఒప్పుకోలేదు. కుడి చంక తనకి పరాయి ఊరు.

రేవు మెట్ల దగ్గర నాన్న చేతులు చాపారు. ఎవరి దగ్గరికీ పోని పిల్ల ఆయన మెడెక్కి కూర్చుంది. నేను వెనక నడుస్తున్నాను. నాన్న జుట్టు అప్పటికి పలచబడిపోయింది, పట్టుకోవడానికి దొరక్క చెవులు పట్టుకుంది. ఆయన చేతుల్లో దాని చీలమండలు. వేళ్ళ కణుపులు తెల్లబడేంత గట్టిగా పట్టుకున్నారు. నాకు గొంతుకి ఏదో అడ్డం పడింది.

"తాతయ్యా, ఆ బ్రిడ్జి మీద రైలేదీ?" అని అడిగింది.

"అది ముసలిదైపోయిందమ్మా, రైళ్ళు మొయ్యట్లేదు" అన్నారు నాన్న. అని తన భుజాలు రెండు ఎగరేశారు.

* * *

మొయ్యడం ఒక్కరోజులో ఆగలేదు. ఒక్కోచోటా ఆగుతూ వచ్చింది.

మొదట వంటింట్లో పోయింది. స్టూలు వేసుకుని గట్టు మీదికి చూడటం నేర్చుకున్నాక చంక అవసరం లేకపోయింది. తర్వాత వీధిలో పోయింది. బడిలో వేసిన ఏడాది గేటుకి నాలుగు ఇళ్ళ ఇవతల, "ఇక్కడ దింపెయ్యి" అంది. తర్వాత నాలుగు ఇళ్ళు కాస్తా సందు మలుపు అయింది. ఆ మలుపులో నందివర్ధనం చెట్టు. దాని కింద నిలబడి తను గేటు లోపలికి వెళ్ళేదాకా చూసి బస్టాండుకి పరిగెత్తేదాన్ని.

ఒకసారి మా ఆయన్ని రైలెక్కించడానికి స్టేషన్‌కి వెళ్ళాం. ప్లాట్‌ఫాం మీద బరువు చూసే మిషను ఉండేది. బిళ్ళ వేస్తే రంగు బల్బులు గిరగిరా తిరిగి, ఠక్కుమని అట్టముక్క టికెట్టు పడేది. ఒక పక్క బరువు, రెండో పక్క జాతకం. ఆ బల్బుల కోసమే పిల్ల గోల చేసింది. 18 కిలోలని పడింది. ఇంటికెళ్ళి నాన్నకి చూపిస్తే, కళ్ళజోడు పెట్టుకుని టికెట్టు రెండువైపులా చదివి, "ధాన్యం బస్తా 75 కిలోలు. అంటే బస్తాలో పావు వంతు. ఇహ నువ్వు మొయ్యలేవమ్మా" అన్నారు. ఆ టికెట్టు ఇప్పటికీ నా లెక్కల డైరీ అట్టలో ఉంది.

నడుం అప్పటికే మాట వినడం మానేసింది. ఒకరోజు బోర్డు మీద లెక్క చేస్తూ కిందపడ్డ సుద్దముక్క కోసం వంగి లేవలేకపోయాను. పిల్లలే కుర్చీ తెచ్చారు. వెన్నుపూసల మధ్య డిస్కు జరిగిందన్నారు డాక్టరు. రెండు వారాలు మంచం. బరువులెత్తొద్దు, పిల్లని అసలే ఎత్తొద్దు. డాక్టరు ఆ మాట అన్నప్పుడు పిల్ల నా పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. ఇంటికొచ్చాక ఆ సాయంత్రం చేతులు పైకెత్తలేదు. అలా చెప్పకుండానే అర్థం చేసుకోవడం నాకు మంచిగా అనిపించలేదు, మారాం చేసినా బాగుండేది.

అప్పటి నుంచి తనొక దారి కనిపెట్టింది. నిద్ర. మెలకువగా ఉన్న పిల్లని ఎత్తుకోకూడదు గానీ, నిద్రపోయిన పిల్లని ఎత్తుకోక తప్పదు కదా. పెళ్ళిళ్ళ నుంచి, పేరంటాల నుంచి వస్తూ ఇల్లు దగ్గర పడేసరికి తల వాల్చేసేది. నాకు తెలుసు. నిజంగా నిద్రపోతే దాని నోరు కొద్దిగా తెరుచుకుంటుంది. దొంగనిద్రలో పెదాలు బిగించి ఉంటాయి, కనురెప్పలు సన్నగా అదురుతుంటాయి. తెలిసీ మోసేదాన్ని. భుజం మీద వేసుకోగానే చిన్నగా నిట్టూర్చేది, అదొక్కటీ దొంగది కాదు.

* * *

ఆ రాత్రి గురించి రాయాలనే ఇదంతా మొదలుపెట్టాను.

దసరాల్లో దేవీచౌక్ ఉత్సవాలంటే మా ఊళ్ళో పెద్ద పండగ. అమ్మవారు, లైట్లు, వీధి పొడుగునా జనం. నా చిన్నప్పుడు నాటకాలు తెల్లవార్లూ సాగేవి. చాపలూ దుప్పట్లూ తెచ్చుకుని వీధిలోనే కూర్చునేవాళ్ళు. హార్మోనియం రాగం తీస్తుంటే నేను నాన్న ఒళ్ళో నిద్రపోయి, మా మంచం మీద లేచేదాన్ని. మధ్యలో దారి ఎలా గడిచిందో ఎప్పుడూ తెలిసేది కాదు.

ఆ ఏడు మా ఆయన క్యాంపులో ఉన్నారు. అప్పటికి మేం ఏవీ అప్పారావు రోడ్డు వైపు అపార్టుమెంటులో రెండో అంతస్తులోకి మారాం. లిఫ్టు లేదు. నేనూ పిల్లా అమ్మవారిని చూసుకుని, రోజ్‌మిల్క్ తాగి, బుడగ కొనుక్కుని ఆటో ఎక్కేసరికి పదిన్నర. నడుం ఉదయం నుంచీ పీకుతోంది. మర్నాడు పొద్దున్నే బంధువులు వస్తున్నారు, పిండి రుబ్బలేదు. ఆటో ఇంటి ముందు ఆగింది. చూస్తే పిల్ల నా ఒళ్ళో తల పెట్టేసింది. పెదాలు బిగించి ఉన్నాయి. రెప్పలు అదురుతున్నాయి.

"లే. నువ్వు నిద్రపోలేదని నాకు తెలుసు" అన్నాను.

గట్టిగానే అన్నాను. ఆటో అతను వెనక్కి తిరిగి నవ్వాడు. పిల్ల కళ్ళు తెరిచింది. నిద్రలోంచి లేచినట్టు నటించలేదు, మామూలుగా తెరిచింది. లేచి, గౌను సర్దుకుని, ఆటో దిగి, బుడగ కూడా అడక్కుండా మెట్ల వైపు నడిచింది. నేను డబ్బులిచ్చి చిల్లర తీసుకుని వచ్చేసరికి మొదటి మలుపు దాటేసింది. రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి ఎక్కుతోంది. వెనక నేను. చేతిలో బ్యాగు, బుడగ. చంక ఖాళీగా ఉంది.

మళ్ళీ ఎప్పుడూ దొంగనిద్ర పోలేదు.

నడుం ఎలాగూ నొప్పిగానే ఉంది. ఆ రెండంతస్తులకి కొత్తగా విరిగిపోయేదేమీ లేదు. లేదా నెమ్మదిగా చెవిలో, "అమ్మకి నొప్పిగా ఉంది, నడుద్దామా" అన్నా సరిపోయేది. దాని రహస్యాన్ని వీధిలో పెట్టి అందరిముందూ విప్పేశాను. పిల్లలు చేసే అబద్ధాల్లో కొన్నిటిని పెద్దవాళ్ళు కాపాడాలి. అది నాకు ఆ రాత్రి పిండి రుబ్బుతున్నప్పుడే తెలిసింది, అప్పటికి పిల్ల గోడవైపు తిరిగి నిజంగా నిద్రపోయింది.

* * *

పిల్ల దిగిపోయాక ఒళ్ళు అలవాటు పడటానికి చాలా కాలం పట్టింది.

బడిలో ప్రార్థనకి నిలబడితే తెలియకుండానే కుడికీ ఎడమకీ ఊగేదాన్ని. "ఎవరిని జోకొడుతున్నారు టీచర్?" అని సోషల్ మేడమ్ నవ్వేది. బ్యాంకు క్యూలో ఊగేదాన్ని, గుళ్ళో ఊగేదాన్ని. ఎడమచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తోచేది కాదు, కొన్నాళ్ళు హ్యాండ్‌బ్యాగుని అక్కడ ఇరికించుకున్నాను. కోటగుమ్మం దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. "మీ ఎడమ చెప్పే ఎప్పుడూ ముందు అరుగుతుందమ్మా, అటువైపు బరువేస్తున్నారు" అనేవాడు. ఆ తర్వాత కొన్న జత రెండూ సమానంగా అరిగాయి. బాగు చేయించడానికి ఇచ్చినప్పుడు ఆయన తిప్పి తిప్పి చూసి, "పాప పెద్దదైందా?" అన్నాడు.

నడక కూడా మళ్ళీ నేర్చుకున్నాను. చంకలో ఉన్నంతకాలం ఇద్దరిదీ ఒకటే వేగం, నాది. కింద నడిచే పిల్లతో వీధి దాటడానికి పట్టే సమయం వేరు. మొదట నా చూపుడువేలు పట్టుకునేది, తర్వాత చిటికెనవేలు, తర్వాత పైట చెంగు, ఆ తర్వాత ఏమీ లేదు, పక్కన నడిచేది అంతే.

చెవి మాత్రం బాగా బాధపెట్టింది. కింద నుంచి తను చెప్పేది బండ్ల హారన్లలో కలిసిపోయేది. "ఏంటీ?" అనేదాన్ని. మళ్ళీ చెప్పేది. "ఏంటమ్మా?" మూడోసారి, "ఏం లేదులే" అనేది. ఆ "ఏం లేదులే" వింటే గుండె జారిపోయేది.

దారి చూపించింది ఫిజియోథెరపీ అమ్మాయి. నడుం వంచి ఏదీ తీయకూడదు, మోకాళ్ళు మడిచి కూర్చుని తీయాలని నేర్పింది. రోజూ గోడకి ఆనుకుని ఇరవైసార్లు లేచి కూర్చోవడం. అలా గొంతుక్కూర్చోవడం అలవాటయ్యాక ఒకరోజు జాంపేట మార్కెట్లో పిల్ల ఏదో అంటే, అక్కడే సంచీ పక్కన పెట్టి కూర్చున్నాను. నోరు సరిగ్గా నా చెవి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఆ టైలరు తాత కాళ్ళు చూడు" అంది ఊపిరితో.

చూశాను. కౌంటరు కింద నుంచి రెండు పాదాలు కనపడుతున్నాయి. మిషను పెడలు మీద ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, మడమలు పగిలి, ఒక బొటనవేలికి నీలందారం చుట్టుకుని ఉంది. ఆ షాపు ముందు నుంచి నేను కొన్ని వందలసార్లు నడిచాను. నాకు తెలిసింది టైలరు ముఖం, మెడలో టేపు. తన ఎత్తు నుంచి ఆ వీధి వేరేలా ఉంది. పూలామె బక్కెట్లో నీళ్ళు, షట్టరు కింద సందులోంచి కనపడే పిల్లి కళ్ళు, బల్లల కింద పడ్డ బెండకాయ తొడిమలు, గోడ మొదట్లో చీమల బారు. చంకలో ఉన్నన్నాళ్ళూ తను నా ఊరు చూసింది. ఇప్పుడు తన ఊరు నాకు చూపిస్తోంది. మార్కెట్లో జనం తప్పుకుని పోతుంటే మేమిద్దరం చాలాసేపు ఆ పాదాలు చూస్తూ కూర్చున్నాం.

* * *

మొన్న చీరలు ఆరేసిన రోజు మధ్యాహ్నం నాన్న వచ్చారు. మోకాళ్ళ నొప్పులు, నెమ్మదిగా వస్తారు. కాఫీ ఇచ్చి పక్కన కూర్చుని అడిగాను.

"నాన్నా, నన్ను ఎత్తుకోవడం ఎప్పుడు మానేశారు?"

చాలాసేపు ఆలోచించారు. "ఎప్పుడని చెప్పనమ్మా. నువ్వు దిగిపోయాక ఒక ఎండాకాలం మెడ వెనకాల బాగా కాలింది. నువ్వు కూర్చున్నన్నాళ్ళూ అక్కడ ఎండ తగల్లేదు కదా" అని మెడ వెనక చెయ్యి పెట్టుకుని నిమురుకున్నారు. 2003లో చెయ్యి లాక్కున్న సంగతి నేను ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. కాఫీ గ్లాసు ఇచ్చేటప్పుడు ఆయన వేళ్ళ మీద నా వేళ్ళు కాసేపు ఉంచాను.

సాయంత్రం చీరలు తీయడానికి మళ్ళీ డాబా ఎక్కాం, నేనూ అమ్మాయీ. ఎండకి కాగి చీరలన్నీ వెచ్చగా ఉన్నాయి. ఉండబట్టలేక అడిగేశాను. ఆరేళ్ళప్పుడు, దసరాల్లో, ఆటోలో, బుడగ కొన్న రాత్రి. నేను లేపేసిన రాత్రి. గుర్తుందా?

"ఆటోనా?" అంది. కళ్ళు చికిలించి ఆలోచించింది. "లేదమ్మా... ఆగు, మెట్లు లెక్కపెట్టిన రోజా? ముప్ఫై ఆరు. చివరిదాకా తప్పు పోకుండా లెక్కపెట్టాను. నీకు చెబుదామనుకున్నా, నువ్వు మిక్సీ వేస్తున్నావు."

ఏడేళ్ళ నుంచి ఎక్కుతూ దిగుతూ ఉన్నా, లెక్కల టీచర్నై ఉండి, మా మెట్లు ముప్ఫై ఆరని నాకు తెలీదు.

"ఇప్పుడు చెప్పావుగా" అన్నాను.

బండారులంక చీర ఆఖరున మిగిలింది. అటు చివర తను, ఇటు చివర నేను పట్టుకుని సాగదీసి, సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచాం. నా చేతిలోని కొసలు తనకిచ్చి, వేలాడుతున్న మడత అందుకుని వెనక్కి వెళ్ళాను. మళ్ళీ దగ్గరికొచ్చాం. మూడోసారి దగ్గరికి వచ్చినప్పుడు తన నోరు నా ఎడమ చెవికి సరిగ్గా ఎదురుగా ఉంది. కిందింట్లో అత్తయ్య నిద్రపోతోందని కాబోలు, గొంతు తగ్గించి చెప్పింది.

"చిల్లున్న వైపు లోపలికి పెట్టమ్మా. ఇంకా చిరుగుతుంది."